చాలినంత అంటే ఎంత?



సంపాదన ధర్మసమ్మతమా కాదా అని ఆలోచించే మనం ఖర్చు దగ్గరకు వచ్చేసరికి అంత లోతుగా ఆలోచించము. కాని ధనాన్ని ఎలా సంపాదించావన్న ప్రశ్నతో పాటే దాన్ని దేనికి ఖర్చు చేశావన్న ప్రశ్నకూ ప్రళయదినాన దాసుడు జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. ఆ దృష్టితో చూస్తే చేతిలో ఇమిడే ఒక ప్లేయర్ కొనడం కూడా ఆలోచించి చేయవలసిన పనే.

ఈ నెల శీర్షికకు విషయం మాడుగుల నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ తరువాత అనకాపల్లి జిల్లాలో చేరిన ఊరు అది. చోడవరం మీదుగా పాడేరు ఘాట్‌కు వెళ్ళే దారిలో, కొండల పాదాల వద్ద ఉంటుంది. ఆమె భర్త ఆ దారిలోనే వ్యాను నడుపుతారు. అత్తగారికి డెబ్బై ఏళ్ళు దాటాయి. ఫజ్ర్ నమాజు తరువాత యాసీన్ సూరా, పావు పారా చదవనిదే పొయ్యి దగ్గరకు వెళ్ళని మనిషి. ఇప్పుడు ఆమెకు అక్షరాలు కనబడడం లేదు. కంటి నరం దెబ్బతిన్నదనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని మందులతో కాపాడుకోవలసిందేననీ వైద్యులు చెప్పారట. “ముస్హఫ్‌ను ఒడిలో పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నారు. చూడలేకపోతున్నాను” అని ఆ సోదరి రాశారు.

ఆమెకు ఒక ప్లేయర్ కొనాలని ఇంటిల్లిపాదీ నిశ్చయించుకున్నారు. అయితే దుకాణదారు 128 జీబీ ఉన్నదే తీసుకోమంటున్నాడు. ఘాట్ మలుపుల్లో ఫోనుకు సిగ్నల్ అందదు కనుక బండిలో తనకూ పనికివస్తుందని భర్త కూడా అదే అంటున్నారు. మౌల్వీ సాహెబు దగ్గర హిఫ్జ్ మొదలుపెట్టిన కొడుక్కి పాఠం వినడానికి ఒక ఖారీ గొంతు కావాలి. అత్తగారు మాత్రం ఖుర్ఆన్ వినబడితే చాలంటున్నారు. దాని అర్థం తెలుగులో తెలిస్తే ఇంకా మేలంటున్నారు. “ఇంతకూ చాలినంత నిల్వ అంటే ఎంత?” అన్నది ఆ సోదరి ప్రశ్న.

గుండె నుంచి కార్డు దాకా

నిల్వ అన్న మాట ఖుర్ఆన్ చరిత్రకు కొత్తది కాదు. ఆ దివ్యవాణి మొదట నిలిచింది సహాబాల హృదయాలలో. దానితో పాటు ఖర్జూరపు మట్టల మీద, తోలు ముక్కల మీద, పలుచని రాళ్ళ మీద వ్రాతగానూ నిలిచింది. యమామా యుద్ధంలో ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసినవారు అనేకులు అమరులైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) కలత చెంది, దాన్నంతా ఒకచోట కూర్చాలని సూచించారు. ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. వ్రాత ఎంత భద్రంగా ఉన్నా, నేర్పేవారి నోటి నుంచి నేర్చుకునేవారి చెవికి అందే పరంపర మాత్రం ఆగలేదు.

ఆ గొంతును యంత్రంలో భద్రపరచాలన్న ఆలోచన ఈజిప్టులో కార్యరూపం దాల్చింది. ఖారీ షేక్ మహమూద్ ఖలీల్ అల్ హుస్రీ పారాయణం చేసిన సంపూర్ణ ఖుర్ఆన్ 1961లో గ్రామఫోను రికార్డులుగా వెలువడింది. అప్పుడది ఒక బీరువాలో పెట్టుకోవలసిన సంపద. తరువాత క్యాసెట్లు వచ్చాయి. గంట క్యాసెట్లలో సంపూర్ణ ఖుర్ఆన్ కావాలంటే ముప్పై దాకా పట్టేవి. నేడు అదంతా చిటికెన వేలి గోరంత కార్డులో ఒక మూలకు సరిపోతుంది. ఇంత సులువైన కాలంలో మన సమస్య చోటు చాలకపోవడం కాదు, ఎంత చోటు కావాలో తెలియకపోవడం.

లెక్క వేసి చూద్దాం

ధ్వనిని ఎమ్‌పీ3 ఫైలుగా మార్చినప్పుడు దాని నాణ్యతను కేబీపీఎస్ అనే కొలతతో చెబుతారు. ఒక్క క్షణపు ధ్వనికి ఎంత సమాచారం కేటాయించారో తెలిపే కొలత అది. సాధారణంగా లభించే 128 కేబీపీఎస్ ఫైలు నిమిషానికి ఒక ఎంబీకి కాస్త తక్కువగా, గంటకు సుమారు 58 ఎంబీ చోటు తీసుకుంటుంది. 64 కేబీపీఎస్ అయితే అందులో సగం చాలు. వాద్యాలు లేని ఒక్క మనిషి గొంతుకు ఈ సగం కూడా చాలా సందర్భాల్లో సరిపోతుంది. కుదించని సీడీ నాణ్యత ధ్వనికైతే గంటకు 635 ఎంబీ కావాలి. చిన్న స్పీకరులో వినే పారాయణానికి అంత అవసరం లేదు.

ఇప్పుడు ఆ ఇంటి అవసరాలను 128 కేబీపీఎస్ చొప్పున కూడుదాం. నిదానమైన పారాయణంలో సంపూర్ణ ఖుర్ఆన్‌కు సుమారు 30 గంటలు పడుతుందనుకుంటే 1.7 జీబీ. పిల్లవాడి హిఫ్జ్ కోసం మరో ఖారీ గొంతు పెట్టుకుంటే ఇంకో 1.7 జీబీ. అరబీ ఆయతు, వెంటనే దాని తెలుగు భావం వచ్చే రికార్డింగు ఇంచుమించు రెండింతల సమయం తీసుకుంటుందనుకుంటే 3.5 జీబీ. బండిలో వినడానికి గంటసేపటి ధార్మిక ప్రసంగాలు నూరు పెట్టుకుంటే 5.8 జీబీ. మొత్తం కలిపితే 13 జీబీ లోపే. అంటే 16 జీబీ కార్డు దాదాపు నిండుతుంది. 32 జీబీ కార్డులో సగానికి పైగా ఖాళీగా మిగులుతుంది.

మరి 128 జీబీ అంటే ఏమిటి? ఇదే లెక్కన అందులో 2,200 గంటలకు పైగా ధ్వని పడుతుంది. రోజుకొక గంట చొప్పున, విన్నది మళ్ళీ వినకుండా ఆరేళ్ళు వినవచ్చు. ఆ తల్లికి కావలసినది విన్నదాన్నే మళ్ళీ మళ్ళీ వినడం. యాసీన్ సూరాను వేయిసార్లు విన్నా కార్డులో దాని చోటు పెరగదు. మాడుగుల వాసులకు దీన్ని వివరించడం తేలిక. గోధుమపాలు, నెయ్యి, పంచదార ఎంత ఉంటే హల్వా అంతే అవుతుంది. మూకుడు పెద్దదైనంత మాత్రాన పెరగదు.

వృథా ఖర్చు చేయకుండా, పిసినారితనమూ చూపకుండా నడిమి మార్గాన సాగేవారిని కరుణామయుని దాసులుగా ఫుర్ఖాన్ సూరా వర్ణించింది. ఈ కొనుగోలులో ఆ నడిమి మార్గం 32 జీబీ. 8 జీబీతో సరిపెట్టి పిల్లవాడి పాఠానికి చోటు లేకుండా చేయడం సరికాదు. ఆరేళ్ళ ధ్వనికి డబ్బు చెల్లించి అరగంట వినడమూ సరికాదు.

కార్డు కొనేటప్పుడు

32 జీబీ వద్ద ఆగమనడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. 32 జీబీ దాకా ఉండే మెమొరీ కార్డులు ఒక తరగతికి, అంతకు మించినవి మరో తరగతికి చెందుతాయి. ఫైళ్ళను అమర్చే పద్ధతి కూడా రెండింటిలో వేరు. తక్కువ ధర ప్లేయర్లలో చాలావాటికి మొదటి తరగతి కార్డులను చదవడమే తెలుసు. 128 జీబీ కార్డు పెడితే అసలు గుర్తించకపోవచ్చు. కాబట్టి ప్లేయర్ పెట్టె మీద ఎంత జీబీ కార్డు దాకా పనిచేస్తుందని రాసి ఉందో చదివిన తరువాతే కార్డు అడగండి. 32 జీబీ కార్డును కంప్యూటర్లో పెడితే 29.8 అని చూపుతుంది. అది మోసం కాదు. తయారీదారులు వేయి చొప్పున లెక్కిస్తారు, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కిస్తుంది.

అసలు మోసం వేరే ఉంది. లోపల 8 జీబీ మాత్రమే ఉన్న కార్డు మీద 128 అని ముద్రించి అమ్మేవారు ఉన్నారు. పెట్టిన ఫైళ్ళ పేర్లన్నీ కనిపిస్తాయి, కాని అసలు చోటు నిండిన తరువాత ఎక్కించినవి పలకవు. తూనికలో, కొలతలో మోసగించేవారిని దివ్య ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో ఎరిగిన మనం కొనేటప్పుడు కూడా మెలకువతో ఉండాలి. మార్కెట్ ధర కంటే మరీ చవకగా వచ్చే పెద్ద కార్డును నమ్మవద్దు. రసీదు తీసుకోండి. ఇంటికి రాగానే కార్డును పూర్తిగా నింపి, చివర ఎక్కించిన ఫైళ్ళను వినండి. కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ఉచిత పరీక్షా సాధనంతో కార్డు అసలు పరిమాణం తేల్చగలరు.

ఏ కార్డయినా ఏదో ఒకరోజు చెడిపోవచ్చు. అందులోని ఫైళ్ళ నకలు మరొకచోట ఉంచుకోండి. ప్రసిద్ధ ఖారీల పారాయణాలు ఉచితంగా, అనుమతితోనే లభిస్తాయి. వెలకు అమ్మే ప్రసంగాలను మాత్రం యజమాని అనుమతి లేకుండా ఎక్కించుకోకండి. ధర్మం వినడానికి ఒకరి హక్కును కాజేయడం తగదు.

కన్ను చూడలేనిది వేలు చూడాలి

జీబీల గురించి అడిగినంతగా మనం బటన్ల గురించి అడగము. చూపు మందగించిన తల్లికి అన్నిటికంటే ముఖ్యమైనవి అవే. రంగుల తెర ఆమెకు ఉపయోగపడదు. తాకితే తెలిసేలా ఉబ్బెత్తుగా, ఒకదానికొకటి దూరంగా ఉన్న బటన్లు కావాలి. మొదలుపెట్టే బటన్ మీద జిగురుతో ఒక చిన్న పూస అంటిస్తే వేలు దారి తప్పదు.

రెండవది, ఆపినచోటి నుంచే తిరిగి మొదలయ్యే గుణం. బఖరా సూరా పూర్తిగా వినడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. నడుమ అజాన్ వినబడి ఆపితే, తిరిగి పెట్టినప్పుడు మొదటి ఆయతుకే వెళ్ళే ప్లేయర్ ఆమెను విసిగిస్తుంది. దుకాణంలోనే ఒక ఫైలును నడుమ ఆపి, పూర్తిగా కట్టివేసి, మళ్ళీ వెలిగించి చూడండి. ఆ గుణం లేకపోతే పెద్ద సూరాలను రుకూల వారీగా చిన్న ఫైళ్ళుగా పెట్టుకోవాలి.

మూడవది క్రమం. 114 సూరాలకు 1, 2, 3 అని అంకెలు పెడితే చాలా ప్లేయర్లలో 1 తరువాత 10, ఆ తరువాత 100 వస్తాయి. 001, 002, 003 అని మూడేసి అంకెలు పెట్టండి. కొన్ని ప్లేయర్లు పేర్లను పట్టించుకోక, కార్డులోకి ఎక్కించిన వరుసలోనే పలుకుతాయి. కనుక ఎక్కించేటప్పుడే వరుస తప్పకుండా చూడండి. యాసీన్ సూరాను విడిగా ఒక ఫోల్డర్‌లో మొదటనే ఉంచితే ఆమె ఒక్క నొక్కుతో దాన్ని చేరుకోగలదు.

బ్యాటరీ విప్పి మార్చుకునేదిగా ఉంటే మంచిది. పాత కీప్యాడ్ ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకం బ్యాటరీతోనే పనిచేసే చిన్న స్పీకర్ ప్లేయర్లు చాలా ఉన్నాయి; ఆ రకం చిన్న ఊళ్ళలోనూ దొరుకుతుంది. బ్యాటరీ మీద, చార్జర్ మీద బీఐఎస్ గుర్తు చూడండి. ఇంట్లో మెమొరీ కార్డు పట్టే పాత కీప్యాడ్ ఫోను పడి ఉంటే, సిమ్ తీసివేసి దాన్నే వాడి చూడండి. కొత్తది కొనే అవసరమే రాకపోవచ్చు.

కొన్ని ప్లేయర్లలో సినిమా పాటలు ముందే నింపి అమ్ముతారు. వాటిని తుడిచివేసే వీలు లేనిది మనకు వద్దు. సంగీతం గురించి ఉలమాలు చెప్పినది పాఠకులకు తెలిసిందే. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. చెవి, కన్ను, హృదయం అన్నిటినీ గురించి ప్రశ్నించడం జరుగుతుందని ఇస్రా సూరా హెచ్చరిస్తుంది. పరికరానికి పాపమూ లేదు, పుణ్యమూ లేదు. అందులో మనం ఏమి నింపామన్నదే లెక్కకు వస్తుంది.

వయసుతో వినికిడి కూడా తగ్గుతుంది. మాట వినబడుతున్నా స్పష్టంగా లేదని ఆమె అంటే ధ్వని పెంచుకుంటూ పోవద్దు. చెవి వైద్యునికి చూపించండి. 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాఠం వినే పిల్లవాడికీ ఇది వర్తిస్తుంది. వ్యాను నడిపేవారు ఇయర్‌ఫోన్లు అసలు వాడరాదు. ఘాట్ మలుపుల్లో ఎదుటి బండి హారన్ వినబడడం ప్రాణావసరం.

వినడానికీ ఒక మర్యాద

ఖుర్ఆన్ పఠించబడుతున్నప్పుడు శ్రద్ధగా వినాలనీ, మౌనం పాటించాలనీ ఆరాఫ్ సూరాలో ఆదేశం ఉంది. ప్లేయర్ చౌక అయిన కొద్దీ ఈ మర్యాద పలుచబడుతోంది. తెల్లవారగానే పారాయణం పెట్టి, దాని మీదుగా కేకలు వేసుకుంటూ పనులు చేసుకునే ఇళ్ళు ఎన్నో. వినేవారు లేని గదిలో ముప్పై పారాలు మోగించడం కంటే, అందరూ నిశ్శబ్దంగా కూర్చుని పది ఆయతులు వినడం మేలు. పరిమాణం కొద్దిదైనా ఎడతెగక చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతుంది. ‘చాలినంత’ అన్న ప్రశ్నకు అసలైన కొలత అక్కడ ఉంది. ఎంత పట్టిందని కాదు, రోజూ ఎంత విన్నామని చూసుకోవాలి.

తెలుగు భావం వినాలన్న ఆ తల్లి కోరిక ఎంతో విలువైనది. ఆంధ్ర భాషా చరిత్రము రచించిన చిలుకూరి నారాయణరావు ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలినాటి నుంచి నేటి దాకా ఎన్నో అనువాదాలు వెలువడ్డాయి. ఏళ్ళ తరబడి అరబీలో చదివిన యాసీన్ సూరా ఏమి చెబుతున్నదో ఈ వయసులో తన భాషలో వినడం ఆమెకు ఎంత ఊరటో ఊహించండి. నమ్మకమైన అనువాదాన్ని ఎంచుకోవడానికి మీ మస్జిదు ఇమామ్ గారి సలహా తీసుకోండి. రికార్డింగులో సజ్దా ఆయతు విన్నప్పుడు ఏమి చేయాలన్నదీ ఆయననే అడగండి.

చివరిగా ఒక మాట. సోదరి తన ఉత్తరంలో రెండు అవసరాలను వేర్వేరుగా రాశారు. అత్తగారికి చదివి వినిపించే గొంతు కావాలి. కొడుక్కి కంఠస్థం చేసినది అప్పజెప్పడానికి, వినే మనిషి కావాలి. ఈ రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఖుర్ఆన్ ఎవరిపై అవతరించిందో ఆ దైవప్రవక్తే (స) ఒకనాడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి)ను చదివి వినిపించమని కోరారు. ఇతరుల నోట వినడం తనకు ఇష్టమని చెప్పారు. నిసా సూరా వింటూ ఆయన కళ్ళు వర్షించాయి. కంఠస్థం చేసిన ఖుర్ఆన్ కట్టి ఉంచిన ఒంటె వంటిదనీ, కనిపెట్టుకుని ఉండకపోతే విడిపించుకుని పోతుందనీ కూడా ఆయన హెచ్చరించారు. పిల్లవాడు మగ్రిబ్ తరువాత రోజూ ఒక పుట నాయనమ్మకు వినిపిస్తే అతని ఒంటె కట్టు వదలదు. ఆమెకు తన మనవడి గొంతులో దైవవాణి వినబడుతుంది. ఏళ్ళ తరబడి రోజూ చదివిన భాగాల్లో అతడు తడబడితే ఆమే సరిదిద్దగలదు కూడా. ఊరికే కూర్చున్నానన్న దిగులు అక్కడ తీరుతుంది.

కాబట్టి సోదరీ, 32 జీబీ కార్డు పట్టే సాదా ప్లేయర్ కొనండి. పిల్లవాడు మదర్సాలో ఉన్న వేళ, మీరు పనిలో ఉన్న వేళ, ఆమెకు నిద్ర పట్టని రాత్రివేళ అది తోడుగా ఉంటుంది. మగ్రిబ్, ఇషాల నడుమ మాత్రం దాన్ని కట్టివేసి ఉంచండి. ఆ వేళ మనవడిది.

మన వృద్ధ తల్లిదండ్రుల హక్కులు నెరవేర్చే భాగ్యాన్ని, మన సంపదను మితంగా, సార్థకంగా ఖర్చు చేసే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.